ఇంటిలోను పెరటిలోను ముక్కుపురుగులు



బియ్యపు డబ్బా మూత తీయగనే అంచున నల్లని పురుగు లొకటి రెండు ప్రాకుచు కనబడుట ఏ యింటనైనను ఉన్నదే. చాటలో పోసి చెరిగి, పురుగును దులిపి, ఆ బియ్యమునే మరల డబ్బాలో పోయుదుము. కొన్నాళ్లు గడచునప్పటికి మరల పురుగే. అది బయటినుండి వచ్చినదని తలంతుము. కాదు, మనము చెరిగి పోసిన గింజలలోనే అది దాగియుండెను. ముక్కుపురుగు సంగతి యంతయు ఈ యొక్క మాటలో ఇమిడియున్నది. అది లోపలనుండి తినును. వెలుపల కనబడునప్పటికి దాని పని చాలవరకు ముగిసియుండును.

కావున మొదట దానిని గుర్తుపట్టుట నేర్వవలెను. పురుగును తెల్లకాగితముపై వేసి వెలుతురున చూడుడు. భూతద్దమున్నచో మరియు మంచిది. తాకగనే కాళ్లు ముడుచుకొని చచ్చినట్లు పడియుండును. కొంచెముసేపు కనిపెట్టియున్నచో మెల్లగా లేచి నడచును. తలకు ముందు ఏనుగు తొండమువలె సన్నని ముక్కు, దానికి ఇరుప్రక్కల మోచేయివలె వంగిన మీసములు ఉన్నవా? ఉన్నచో అది ముక్కుపురుగు. శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన ముక్కుపురుగు జాతులు ప్రపంచమున సుమారు 60,000 కలవు. మన బియ్యమునకు పట్టునది మూడు మిల్లీమీటర్ల పొడవుండును. రెక్కలపై నాలుగు పసుపు వన్నె మచ్చలు దాని గురుతు.

ముక్కు లేని పురుగులును వంటయింట కలవు. పెసలలో, అలసందలలో కనబడు పొట్టి పురుగునకు తొండము లేదు. అది గుడ్లను గింజపైననే తెల్లని చుక్కలవలె అంటించును. పిండిలో తిరుగు చదునైన ఎర్రని పురుగు వేరు. వడ్లను నుసి చేయు గొట్టమువంటి పురుగునకు తల క్రిందికి వంగియుండి పైనుండి చూచిన కనబడదు.

బియ్యపు ముక్కుపురుగు మార్గము వీనికంటె గుప్తమైనది. ఆడుపురుగు ముక్కు కొననున్న దవడలతో గింజకు రంధ్రము తొలిచి, అందొక గుడ్డు పెట్టి, జిగురుతో పూడ్చివేయును. కాళ్లు లేని తెల్లని పిల్లపురుగు గింజలోపలనే తిని పెరిగి, అక్కడనే రూపము మార్చుకొని, వేడిదినములలో నాలుగైదు వారములకు గింజను తొలుచుకొని వెలువడును. ఇక చెరిగిన ప్రయోజనమేమి? పెద్దపురుగు పోవును, పిల్ల నిలుచును. వేపాకు పురుగును బెదరించునే కాని గింజలోని పిల్లను చంపజాలదు. తీవ్రమైన ఎండలో పోసినచో బియ్యము పగిలి నూకలగును. కొద్దిపాటి బియ్యమైనచో గాలి చొరని సంచిలో కట్టి ఫ్రిజ్జులో మంచు గడ్డకట్టు అరయందు వారము దినములుంచిన, లోపలి పిల్లలును చచ్చును. డబ్బా మూలలు శుభ్రపరచక పాత బియ్యముపై కొత్త బియ్యము పోయరాదు.

ఒక్క హెచ్చరిక. ధాన్యపు గిడ్డంగులలో శిక్షణ పొందినవారు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలను కొందరు ఇండ్లలో బియ్యపు బస్తాల నడుమ పెట్టుచున్నారు. గాలిలోని తేమ సోకగనే ఆ బిళ్ల విషవాయువును విడుచును. ప్రక్కగదిలో నిద్రించు పిల్లల ప్రాణములు సైతము పోయిన సంఘటనలు కలవు. మూడు మిల్లీమీటర్ల పురుగునకై అంతటి ముప్పు ఇంటికి తెచ్చుకొనరాదు.

ఇక పెరటిలోనికి పోదము. నిగనిగలాడు మామిడిపండును కోసినప్పుడు టెంక నల్లబడి, అందు పురుగు కదలుట చూచియుందురు. పైతోలున రంధ్రమే లేదు, ఎట్లు చొచ్చినది? కాయ పిందెగా నున్నప్పుడే తల్లిపురుగు దానిపై గుడ్డు పెట్టినది. పిల్ల లేతటెంకలోనికి చొచ్చినది. కాయ పెరిగి గాయము మానిపోయినది. 2007లో అమెరికా మన మామిడిపండ్లను మరల అనుమతించినప్పుడు, ఈ టెంకపురుగు మొదలగువాని నిమిత్తము పండ్లపై కిరణములు ప్రసరింపజేయవలెనని నియమము పెట్టినది. మన పెరటిలో చేయదగినది, రాలిన కాయలను, టెంకలను చెట్టుక్రింద విడువక పోగుచేసి నాశనము చేయుట.

చిలగడదుంప చేదుగా నుండి వాసన వేసినచో, అదియు ముక్కుపురుగు పనియే కావచ్చును. చీమవంటి నడుము, ఎర్రని మెడ, నీలినలుపు రెక్కలు దాని రూపము. దుంపలు బయటపడకుండ మొదళ్లకు మట్టి ఎగదోయవలెను.

అన్నింటికంటె నష్టకరమైనది కొబ్బరిచెట్టునకు పట్టు ఎర్ర ముక్కుపురుగు. మూడు సెంటీమీటర్లు దాటిన పొడవు, తుప్పు వన్నె దేహము, మెడపై నల్లమచ్చలు కలది. మా పెరటి కొబ్బరిచెట్టున కొకప్పుడు పచ్చిమట్టలను మొదలంట నరికించితిమి. కొన్ని నెలలకు మ్రానునుండి గోధుమవన్నె జిగురు కారినది. వానలకు కారుచున్నదని ఉపేక్షించితిమి. ఒకనాడు తల వాలి పడిపోయినది. చీల్చి చూడగా లోపల బొటనవ్రేలి లావు పురుగులు, పీచుతో చుట్టుకొన్న గూళ్లు. కాయలిచ్చుచున్న చెట్టును మా కత్తియే పురుగున కప్పగించినది.

ఆ పురుగు గాయములను వెదకును. పెంటకుప్పలో పుట్టి మొవ్వును తొలుచు కొమ్ముపురుగు చేసిన రంధ్రములును దానికి ద్వారములే. కావున ఎరువుకుప్పను తరచు తిరుగవేసి, అందలి పిల్లపురుగులను ఏరివేయవలెను. పచ్చిమట్టను నరుకవలసివచ్చినచో మ్రానునకు నాలుగడుగులు విడిచి నరుకవలెను.

మిగిలిన చెట్లకు ఇప్పుడు మేము అప్పుడప్పుడు చెవి యానించి విందుము. పురుగున్న మ్రానులో నమలుచున్న చప్పుడు వినబడును. వినబడినచో ఆలసింపక ఉద్యానశాఖవారిని సంప్రదింపవలెను. తల వాలకముందు చెట్టు దక్కును. ఈ ప్రసంగము విన్న పిదప శ్రోతలు ఒక్కమారు పెరటిలోనికి పోయి, తమ చెట్టునకును చెవి యొగ్గుదురుగాక.