యోనా పారిపోయినది ఎందుకు?



దేవుని సన్నిధినుండి పారిపోవుట అనగానే మనకు యోనా జ్ఞాపకం వస్తాడు. దేవుడు పొమ్మన్న నీనెవె తూర్పున ఉన్నది. అతడు పడమటి తీరానికి దిగి, యొప్పేలో కేవు చెల్లించి తర్షీషు ఓడ ఎక్కాడు. ప్రాణభయంతో పారిపోయాడని చాలామంది అనుకుంటారు. గాని నాలుగవ అధ్యాయంలో అతడే తన మనస్సు విప్పాడు. దేవుడు కనికరించేవాడని అతనికి ముందే తెలుసు. ఆ కనికరం తన శత్రువులకు దక్కడం అతనికి ఇష్టం లేదు.

పారిపోయిన వారందరూ యోనావంటివారు కారు. హాగరు శారయి పెట్టిన శ్రమ తాళలేక అరణ్యానికి పోయింది. దేవదూత నీటిబుగ్గ దగ్గర ఆమెను కలిశాడు. ఏలీయా యెజెబెలుకు జడిసి పోయాడు. దేవుడు అతనికి రొట్టె, నీళ్లు పెట్టాడు. వానలు లేక ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెలు విడిచి కూలికోసం చెన్నైకి, బెంగుళూరుకు పోయిన మన బిడ్డలు దేవుని విడిచి పోయినవారు కారు. ఊరు కదలకుండా, ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చొనే పారిపోయేవారు కూడా ఉన్నారు.

ఈ మాట నన్ను గురించే చెబుతున్నాను. వేదాంత కళాశాల చదువు ముగించి ఉదయగిరి దాపున ఒక పల్లెకు వచ్చిన కొత్తలో, సంఘానికి తీరని నష్టం చేసిన ఒకాయన పశ్చాత్తాపపడి తిరిగి ప్రభువు బల్లకు రాగోరుచున్నట్లు కబురు పంపాడు. వెళ్లడానికి నాకు మనస్సు ఒప్పలేదు. నెల్లూరులో పని ఉన్నదని చెప్పి బస్సెక్కాను. ఆత్మకూరు బస్టాండులో ఆయన తల్లి ఎదురుపడింది. "అయ్యగారూ, మా యింటికి ఎప్పుడొస్తారు? వాడు రోజూ గడపలో కూర్చొని చూస్తా ఉండాడు" అన్నది. నాకు నోట మాట రాలేదు. నెల్లూరు టికెట్టు జేబులోనే ఉన్నది. ఆమెతోనే ఉదయగిరి బస్సెక్కాను.

1862లో అమెరికాలోని బాప్తిస్టు మిషనువారు తెలుగు సేవను మానివేయాలా అని ఆలోచించారు. అప్పుడు జూయెట్ దొరగారు, ఎవరు వచ్చినా రాకపోయినా తాను తెలుగువారి మధ్యకే తిరిగి పోతానన్నారు. ఫలితం చూచి కాదు, మనుష్యులను చూచి ఆయన ఆ మాట అన్నారు.

యోనా గ్రంథం దేవుని ప్రశ్నతో ముగుస్తుంది. యోనా జవాబు అందులో లేదు. ఆ జవాబు మనం చెప్పాలి. ప్రియులారా, మీరు దాటిపోతున్న గడప ఎవరిది? ఈ కూటం ముగిసిన తరువాత ముందుగా ఆ యింటికి వెళ్లండి. ప్రభువు అక్కడ మనకంటె ముందే ఉన్నాడు.