కష్టార్జితము - సూర్యరశ్మి
(సగరోళిలో మా పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల నుద్దేశించి ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలో పరీక్షా ఫలితములను గూర్చి మాటలాడుట పరిపాటి. ఆ వివరములు నివేదికలో నున్నవి. నేడు మేము మీ పొదుపును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. పిల్లల చదువు ఇంటిలోని నాలుగు రూకలపై నెంతగా ఆధారపడియున్నదో 2020లో మనమందరమును చూచితిమి. ఆ మార్చిలో బడి తలుపులు మూతపడినవి. పట్టణములకు పనికై పోయినవారు ఇండ్లకు తిరిగివచ్చిరి. కొంత సొమ్మున్న ఇండ్లలో చదువు ఫోనులోనైనను సాగినది. లేని ఇండ్లలో ఆగినది.

ఆ పిమ్మట కాలము మారినది. 2020 మేలో రిజర్వు బ్యాంకు తన రెపో వడ్డీని 4 శాతమునకు తగ్గించెను. 2022 మే వరకు అది అట్లే యుండెను. డిపాజిట్లపై వడ్డీ సన్నగిల్లగా జనులు వాటాల బజారు వైపు మరలిరి. 2020 మార్చిలో దేశమున సుమారు 4 కోట్లుగా నున్న డీమ్యాటు ఖాతాలు 2024 మార్చి నాటికి 15 కోట్లు దాటినవి.

అదే కాలమున శుద్ధశక్తి మాట బలపడినది. బొగ్గు, చమురులతో నిమిత్తము లేని విద్యుత్ సామర్థ్యమును 2030 నాటికి 500 గిగావాట్లకు పెంతుమని 2021 నవంబరులో గ్లాస్గో సభలో మన ప్రధాని ప్రకటించిరి. 2025లో అట్టి సామర్థ్యము దేశపు మొత్తములో సగమునకు చేరినది. అయినను వాస్తవముగ వచ్చు కరెంటులో అధికభాగము నేటికిని బొగ్గుదే. ఇది దూరపు ముచ్చటయు కాదు. మన నాందేడు మీదుగా పారు గోదావరికి దిగువన, రామగుండములో జలాశయముపై తేలియాడు 100 మెగావాట్ల సౌర కేంద్రము 2022 జులై నుండి పూర్తిగా పనిచేయుచున్నది.

కావున “సౌర సంస్థల వాటాలు కొందుమా?” యని కొందరు మమ్మడుగుచున్నారు. సంఘపు కట్టడనిధిని సైతము అందు పెట్టవలెనని ఒక సూచన వచ్చినది. ఒక దృష్టాంతము చెప్పెదము. శుద్ధశక్తి పథకములకు అప్పులిచ్చు ప్రభుత్వ సంస్థ ఇరెడా 2023 నవంబరులో తన వాటాను 32 రూపాయలకు జనులకిచ్చెను. 2024 జులైలో దాని వెల 300 దాటెను; 2025 మార్చిలో 150కి దిగువకు పడెను. ముప్పదిరెండుకు కొన్నవాడు లాభపడెను. మున్నూరుకు కొన్నవాడు సగమునకు పైగా నష్టపడెను. సంస్థ యొక్కటే, కొన్న వెలయే భేదము. మంచి ఆశయముగల సంస్థ వాటా యెల్లవేళల మంచి బేరము కాదు.

మరి సూర్యుని వలన మనకు లాభము లేదా? కలదు, అది మన మిద్దెమీదనే కలదు. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకములో ఇంటికప్పుపై 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, అంతకు మించినచో గరిష్ఠముగా 78,000 రూపాయల సహాయము నిర్ణయించిరి. 1 కిలోవాటుకు 50,000 ఖర్చనుకొనుడు. మన చేతిది 20,000. అది నెలకు నూరు యూనిట్ల పైన ఇచ్చును. యూనిట్టు 6 రూపాయలని లెక్కించిన ఏడాదికి 7,200 మిగులును. మూడేండ్లలో పెట్టినది తిరిగివచ్చును. అదే సొమ్ము బ్యాంకులో 7 శాతమునకు వేసిన 1,400 వచ్చును. అయితే బ్యాంకులో అసలు నిలుచును. పలకలు పాతికేండ్లకు అరిగిపోవును, నడుమ ఇన్వర్టరును మార్చవలసివచ్చును. ఇవన్నియు లెక్కించియే దిగవలెను.

వ్యవసాయదారులకు 2024లో మహారాష్ట్ర ప్రభుత్వము తెచ్చిన ‘మాగేల్ త్యాలా సౌర కృషీ పంప్’ పథకము కలదు. రైతు వాటా 10 శాతము. షెడ్యూల్డు కులములకు, తెగలకు 5 శాతము. రాత్రివేళ కరెంటుకై పాముల నడుమ చేనికి పోవు శ్రమ దీనివలన తప్పును.

ఇక మా మనవి మూడు మాటలు. పిల్లవాని రాబోవు తరగతికై దాచిన సొమ్మును వాటాలలో పెట్టకుడు. అది తపాలా కార్యాలయములోనో బ్యాంకులోనో ఉండవలెను. కనీసము ఆరు నెలల ఇంటిఖర్చు చేతిలో నిలిచిన పిదపనే తక్కిన మదుపు తలపెట్టుడు. సౌర సంస్థ పేరు చెప్పి దినమునకింత లాభమని ఫోనులో ఆశపెట్టువారిని ఎంతమాత్రము నమ్మకుడు.

సంఘపు నిధిని గూర్చియు మా అభిప్రాయమిదే. బజారులో వేయుటకంటె బడికప్పుపై పలకలు పెట్టుట మేలు. సూర్యఘర్ సహాయము గృహములకే గాని పాఠశాలకు రాదు. పూర్తి ఖర్చు మనదే. అయినను బడి నడచునది పగలే, ఎండ కాయునది పగలే. మిగిలిన కరెంటు బిల్లు సొమ్ము ఏటేట తెలుగు పుస్తకములకు, పేద విద్యార్థుల ఫీజులకు ఉపకరించును. ఈ సరిహద్దు గ్రామమున తెలుగు తరగతి నిలుచుట అట్టి చిన్న మొత్తములపైననే యున్నది. నిర్ణయము సంఘ సభ్యులది. లెక్క మాత్రము మీ ముందుంచితిమి.

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దల మాట. మీ కష్టార్జితము మీ పిల్లల చదువునకే వెలుగు కావలెనని కోరుచున్నాము.