దూరంగా ఒక చాప



మా ఏజెన్సీ హాస్టల్లో మూడో తరగతి చదివే ఒక పాపకు ఆటిజం ఉంది. నిరుడు థింసా నేర్పుతూ, అందరితో కలవాలని చెయ్యి పట్టి వరుసలోకి లాగాను. నడుం మీద పక్కమ్మాయి చెయ్యి, పక్కనే డప్పుల మోత. చెవులు మూసుకుని ఏడ్చింది. తప్పు నాదే.

వాళ్ళమ్మ చెప్పింది: "ఊళ్ళో కూడా అది దూరంగానే ఉంటది మేడం. అడుగు మాత్రం తప్పదు."

ఇప్పుడు డప్పులకు దూరంగా చాప వేస్తున్నాం. ఏ ఆట తర్వాత ఏది వస్తుందో బొమ్మలు గీసి ముందే చూపిస్తున్నాం. ఎవరూ ముట్టుకోరు. తన చోటనే అడుగులు వేస్తుంది. అదీ థింసాయే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. దివ్యాంగుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయించండి. మన పండగల్లోనూ ఒక చాప వేయండి. ఆ తల్లిని "పిల్లకేమైంది?" అని అడగకండి. "ఇక్కడ కూర్చోండమ్మా" అనండి.