కొత్త ఫిల్టరుకు పాత తోడు



ముందు గదిలో చేపల తొట్టె ఉంటే ఇంటికి ఎంత కళ! పిల్లలు ముచ్చటపడి కొనిపించుకుంటారు గాని, మేత వేయడం, నీళ్ళు మార్చడం చివరికి మన వంతే అవుతాయి. అందుకే ఈ కబురు మీకు చెబుతున్నాను.

తొట్టెలో ఫిల్టరు పాతబడింది. కొత్తది కొన్నారు. పాతది తీసి పారేసి, తొట్టెంతా తళతళలాడేట్టు కడిగి కొత్తది బిగించారు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. అయినా మూడో రోజుకో, నాలుగో రోజుకో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. వారం తిరక్కుండానే ఒకటొకటిగా చచ్చి తేలుతాయి. ఎవరి దిష్టో తగిలిందనుకుంటాం. పాపం, వాటి ప్రాణం మీదికి తెచ్చింది అతి శుభ్రం!

ఎలాగంటారా? చేపల మలినం వల్లా, తినగా మిగిలిన మేత వల్లా నీటిలో అమ్మోనియా పుడుతుంది. చేపలకది విషం. పాత ఫిల్టరు స్పాంజిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురముంటాయి. కొన్ని ఆ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరికొన్ని దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. దీనివల్ల అంత ప్రమాదం లేదు, వారం వారం కొంత నీరు మారిస్తే సరిపోతుంది. కొత్త ఫిల్టరులో ఈ జీవులుండవు. వాటంతటవి నిలదొక్కుకోవాలంటే 4 నుంచి 6 వారాలు పడుతుంది.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. తోడు వేయకుండా పాలు తోడుకుంటాయా? ఫిల్టరుకూ అంతే, తోడు కావాలి.

పాతది ఇంకా పనిచేస్తూంటే, కొత్తదాన్ని దాని పక్కనే పెట్టి నెలా పదిహేను రోజులు రెండూ నడపండి. ఆ తర్వాతే పాతది తీయండి. పాతది బొత్తిగా ఆగిపోయిందా, దాని స్పాంజిని ఎండనివ్వకుండా, ఆలస్యం చేయకుండా కొత్తదానిలో దూర్చండి. పట్టకపోతే ముక్కలుగా కోసి పెట్టండి. మరీ జిగటగా ఉంటే తొట్టె నీళ్ళే బేసిన్లోకి తీసుకుని, అందులో నాలుగుసార్లు పిండితే చాలు. కుళాయి కింద మాత్రం కడగకండి. ఆ నీటిలోని క్లోరిన్ సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. సబ్బు అసలే వద్దు. గులకరాళ్ళ మీద కూడా ఈ జీవులు కొన్ని ఉంటాయి కనుక, వాటినీ ఆ రోజే కడగకండి.

ఆ తర్వాత కొన్ని వారాలపాటు మేత సగానికి తగ్గించండి. పిల్లలు జాలిపడి ఇంకో చిటికెడు వేయబోతే వారించండి. కొత్త చేపల్ని తేకండి. చేపలు పైకొచ్చి రొప్పుతూంటే పావు వంతు నీరు తీసేసి, క్లోరిన్ విరుగుడు కలిపిన నీరు పోయండి. ఆ విరుగుడు చేపలమ్మే దుకాణాల్లోనే దొరుకుతుంది.

ఇంకొక్క మాట. తొట్టెలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి కట్టేస్తే సరిపోదు, ప్లగ్గు కూడా ఊడదీయండి. చేపల సంగతి తర్వాత, ముందు మీ క్షేమం ముఖ్యం.

ఈసారి ఆ పాత స్పాంజిని చెత్తబుట్టలో వేయబోయేముందు తోడు సంగతి గుర్తు చేసుకుంటారు కదూ? సెలవు.