ఏకర్ దుర్గావరోధము

ఏ చరిత్రోపాధ్యాయుని సంస్మరణార్థము మనమిచట సమావేశమైతిమో, ఆయన రాజుల జయాపజయములకంటె, ఆ జయాపజయముల భారమును మోసిన సామాన్యుల బ్రతుకులనే చరిత్రకు ప్రాణముగా నెంచి పాఠము చెప్పెడివారు. ఆ దృష్టితో చూడదగిన ఘట్టమని, మూడవ క్రూసేడులోని ఏకర్ ముట్టడిని ఈనాటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిని.

పాలస్తీనా తీరమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన నేలకొనపై వెలసిన ఈ రేవుపట్టణమునకు, రెండు దిక్కుల కడలియు, తక్కిన దిక్కుల బలిష్ఠమైన ప్రాకారములును రక్షణగా నుండెను. దమాస్కసు బాటల వెంట వచ్చిన ప్రాగ్దేశపు సరకులు ఇచటనే ఓడలకెక్కుచుండుటచేతను, ఐరోపానుండి వచ్చు సైన్యములకు దిగుటకు ఇంతటి రేవు సమీపమున మరియొకటి అరుదగుటచేతను, ఏకర్‌ను చేజిక్కించుకొన్నవాడు పవిత్రభూమి తలుపునకు తాళపుచెవిని మొలను ధరించినట్లే యుండెను. 1187 జూలై 4న హత్తీన్ యుద్ధమున క్రైస్తవసైన్యమును నిర్మూలించిన ముస్లిం సుల్తాను సలాదీను, కొలది దినములలోనే ఈ నగరమును, అక్టోబరు 2న జెరూసలేమును వశపరచుకొనెను. హత్తీన్‌లో చిక్కి చెరనుండి విడుదలయైన జెరూసలేము రాజు గై, తన ప్రజల అధీనమున మిగిలిన తూరు పట్టణమునకు పోగా, అచటి రక్షకుడగు కాన్రాడు ద్వారములు తెరువకపోయెను. తలదాచుకొన తావులేని ఆ రాజు 1189 ఆగస్టు చివర అల్పసేనతో వచ్చి ఏకర్ ఎదుట గుడారములు వేసెను. ఆ సాహసము అవివేకమని ఆనాడు తోచియుండును. కాని పడమటి ఓడలు వచ్చినకొలది ఆ శిబిరము పెరిగినది. సలాదీను వెనుకనుండి వచ్చి దానిని చుట్టుముట్టగా, కోటను ముట్టడించినవారే ముట్టడింపబడిరి. ఈ జంట అవరోధము రెండేండ్లకు కొంచెము తక్కువగా సాగినది.

సలాదీను సైన్యమున న్యాయాధిపతిగా నుండి, ఈ సంగతులను కన్నులారా చూచి వ్రాసిన బహాఉద్దీను గ్రంథమే మనకు ముఖ్యాధారము. 1190 వసంతమున క్రైస్తవులు సిర్కాలో నానిన తోళ్లు కప్పిన మూడు మహోన్నత దారుగోపురములను ప్రాకారముల చెంతకు జరుపగా, నగరమునందలి వారందరును ఆశ వదలుకొనిరి. అప్పుడు దమాస్కసునుండి వచ్చిన యువకుడైన కంచరి యొకడు, తాను సిద్ధపరచిన నాఫ్తా అను మండెడు తైలమును కుండలలో నింపి విసరించి మూడింటిని భస్మము చేసెను. సుల్తాను బహుమతి నీయబోగా, దైవప్రీతికై చేసితినని తిరస్కరించెను. ఈసా అను ఈతగాడు రాత్రులయందు బంగారమును, లేఖలను నడుమునకు కట్టుకొని శత్రునౌకల క్రింద మునిగి నగరమును చేరుచుండెడివాడు. ఒకనాడతడు చేరలేదు. కొన్నినాళ్లకు అలలు తీరమునకు చేర్చిన శవము నడుమున ఆ బంగారమును, మైనపు గుడ్డలో చుట్టిన లేఖలును చెక్కుచెదరక యుండెను. మృతుడై కూడ నిక్షేపమును అప్పగించినాడని బహాఉద్దీను వానిని కీర్తించెను.

ఎదుటి పక్షమున కష్టములు ఇంతకు తక్కువవి కావు. 1190–91 శీతకాలమున సముద్రము అల్లకల్లోలమై ఓడలు నిలిచిపోగా, శిబిరమున గుఱ్ఱపు మాంసమునకై కలహములు పుట్టెను. గై రాజు భార్యయగు సిబిల్లా రాణియు ఆమె కుమార్తెలును అంతకుముందే వ్యాధిచే మరణించిరి. బ్రేమెన్, ల్యూబెక్ వర్తకులు తమ ఓడతెరచాపను గుడారముగా నెత్తి రోగులకు నెలకొల్పిన వైద్యశాలయే తరువాత ట్యూటానిక్ అను జర్మను యోధసంఘమునకు మూలమైనది. సాల్జ్‌బరీ బిషప్పు హ్యూబర్ట్ వాల్టర్ ధనికులనుండి భిక్షమెత్తి పేదసైనికులకు కూడు పెట్టెను. ఈ నామములను నేను పడమటినుండి వచ్చిన రాజుల నామములకంటె ముందుగా చెప్పుట బుద్ధిపూర్వకమే.

1191 వేసవిలో ఫ్రెంచి ఫిలిప్పును, ఇంగ్లీషు రిచర్డును వచ్చి, రాళ్లు రువ్వు యంత్రములతో ప్రాకారములను కూల్చి, నౌకాబలముతో రేవును బంధింపగా, ఆకలి, అలసటలచే కృశించిన రక్షకులు జూలై 12న లొంగిపోయిరి. రెండు లక్షల దీనారములును, క్రైస్తవబందీలును, పవిత్ర సిలువయు ఇచ్చినచో ఆ రక్షకులను విడుతుమని ఒడంబడిక. చెల్లింపులలో జాప్యమును, పరస్పర సందేహమును కలుగగా, ఆగస్టు 20న రిచర్డు రమారమి 2,700 మంది బందీలను సలాదీను సైన్యము చూచుచుండగనే చంపించెను. అంతమందిని వెనుక విడిచి దక్షిణమునకు నడచుట ప్రమాదమని కొందరు సమర్థింతురు. శరణు చొచ్చి ఆయుధము దించినవానిని చంపుటకు ఆ సమర్థన చాలదని నా నిశ్చయము. తదుపరి దినములలో సలాదీను తన చేజిక్కిన బందీలను చంపించిన కృత్యమునకును ఇదే తీర్పు.

ఇంత చేసియు జెరూసలేము రిచర్డునకు దక్కలేదు. 1192 సెప్టెంబరు సంధిచే ఏకర్ మొదలగు తీరభాగము క్రైస్తవులకును, జెరూసలేము సలాదీనునకును నిలిచి, నిరాయుధులగు యాత్రికులకు పుణ్యక్షేత్రముల దారి తెరువబడినది. ఒక యాత్రికబృందమునకు నాయకుడై వచ్చిన హ్యూబర్ట్ వాల్టరును సలాదీను ఆదరించి, వరము కోరుమనెను. పవిత్ర సమాధిమందిరమున లాటిను ఆచారముతో పూజ జరుపుటకు ఇద్దరు పురోహితులను, వారికి సహాయులుగా మరి ఇద్దరిని ఉంచుటకు ఆ బిషప్పు అనుమతి అడిగెను. సలాదీను ఆ కోరికను మన్నించెను.