చిన్న డిగ్రీ కళాశాల: ప్రవేశం నుంచి పట్టా దాకా

తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ ద్వారా, అంటే విద్యార్థి ఒకే ఆన్‌లైన్ దరఖాస్తులో పలు విశ్వవిద్యాలయాల పరిధిలోని కళాశాలలను ప్రాధాన్య క్రమంలో ఎంచుకునే విధానంలో జరుగుతున్నందున, మండల కేంద్రంలోని చిన్న కళాశాల సైతం నగరంలోని పెద్ద కళాశాలతో పోటీ పడవలసి వస్తున్నది. కనుక పరిసరాల్లోని జూనియర్ కళాశాలల్లో ఏ గ్రూపులో ఎందరు చదువుతున్నారో, వారి ఊళ్లకు బస్సులు ఏ వేళల్లో తిరుగుతున్నాయో ముందుగానే తెలుసుకుని, దానికి తగినట్లు కోర్సులను, తరగతి వేళలను నిర్ణయించుకోవడం కరపత్రాలు పంచడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

అసలు పరీక్ష ఆ తరువాతిది. చేరిన విద్యార్థి చదువు మానకుండా పట్టా దాకా నిలవడాన్ని కొనసాగింపు అంటారు. చదువులోనూ, తోటివారితోనూ, అధ్యాపకులతోనూ కలిసిపోలేనివారు మధ్యలో వెళ్లిపోయే అవకాశం ఎక్కువని అమెరికా సామాజిక శాస్త్రవేత్త విన్సెంట్ టింటో 1975లో ప్రతిపాదించాడు. ఈ విషయంలో చిన్న కళాశాలకు పెద్ద బలమే ఉన్నది, ఎందుకంటే ముప్ఫై మంది ఉన్న తరగతిలో ఎవరు రాలేదో పేర్లు పిలవకముందే అధ్యాపకుడికి తెలిసిపోతుంది. పత్తి ఏరే రోజుల్లో వారం పాటు కనిపించని అమ్మాయి ఇంటికి వెంటనే ఫోన్ చేసి, పోయిన పాఠాలు మళ్లీ చెప్పించడం, హాజరు 75 శాతం కంటే తగ్గిన తరువాత నోటీసు పంపడం కంటే ఎంతో మేలు. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి ఆంగ్ల మాధ్యమ బీఎస్సీలో చేరినవారికి తొలి సెమిస్టర్‌లోనే వారధి తరగతులు, అంటే పాత చదువును కొత్త పాఠంతో కలిపే అదనపు బోధన, తప్పనిసరిగా ఏర్పాటు చేయాలి. ప్రభుత్వం చెల్లించే బోధన రుసుము ఆలస్యమైనప్పుడు ఆ భారాన్ని విద్యార్థిపై మోపి ధ్రువపత్రాలను ఆపడం అన్యాయం గనుక, అటువంటి లోటును తట్టుకునే నిధి కూడా ప్రణాళికలో భాగం కావాలి.