షేక్ నాజర్ – బుర్రకథ, ప్రజాసేవ



ఛత్తీస్‌గఢ్ పండ్వానీ కథాగానమును విన్న మస్తూరీ తెలుగువారికి, గాయకుని చేతి తంబురాను చూడగనే బుర్రకథ స్ఫురించుట సహజము. ఆ తంబురాయే ఒకపరి భీముని గద, మరుక్షణమున అర్జునుని విల్లు. తీజన్ బాయి ఆ కళను దేశాంతరములకు గొనిపోయి, 2019లో పద్మవిభూషణ్ సత్కారమునందిరి. రైలుకొలువులతో బిలాసపురమునకు తరలివచ్చిన తెలుగు కుటుంబముల పిల్లలలో పలువురకు పండ్వానీ తెలియును. దానికి తోబుట్టువు వంటి బుర్రకథను మాత్రము పెద్దల నోట వినుటయే. కావున ఆ కళకు పితామహుడని పేర్గన్న షేక్ నాజర్‌ను గూర్చి నేడు ముచ్చటించుకొనుట ఉచితము.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, 1920 ఫిబ్రవరి 5న, నిరుపేద దూదేకుల కుటుంబమున ఆయన జన్మించిరి. పొట్టకూటికై కుట్టుపని చేసిరి. నాటకములలో వేషములు కట్టిరి. శాస్త్రీయ సంగీతమును గురుముఖమున అభ్యసించిరి. ఈ చివరి మాట ముఖ్యము. ప్రజలకొరకు పాడువానికి సంగీతమెందుకని తలచువారు నాటికిని నేటికిని కలరు. నాజర్ అట్లు తలపలేదు.

1943లో ప్రజానాట్యమండలి వెలసినది. అదే యేట బెంగాలు క్షామమున లక్షలాది జనులు ఆకలికి బలియైరి. అంతవరకు పల్నాటి వీరులను, బొబ్బిలి వీరులను గానము చేయు జంగముకథా సంప్రదాయమున బెంగాలు కరవునే కథావస్తువుగా ఇమిడ్చి, నాజర్ దళము ఊరూర వినిపించినది. ఎన్నడును చూడని దూరదేశపు ఆకలి తెలుగు పల్లెల గుండెకు తగులుటకు బుర్రకథ కట్టుబడియే సగము కారణము. నడుమ కథకుడు తంబురా మీటుచు, వ్రేళ్ల అందెలు మ్రోగించుచు ముందు వెనుకలకు అడుగులు వేయును. ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు వంతలలో ఒకడు హాస్యము పలుకును, ఒకడు లోకవ్యవహారమును విప్పి చెప్పును. ప్రేక్షకుని మదిలో మెదలు సందేహమును వంత ముందుగనే అడిగివేయును! ఉపన్యాసమునకు ఈ వెసులుబాటు ఎక్కడిది?

పాతకథలను ఆయన విడిచిపెట్టలేదు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి కులభేదము లేక అందరను ఒక్క బంతిని కూర్చుండబెట్టెను. మాల కన్నమదాసును కొడుకుగా ఆదరించెను. సంఘసంస్కారము ఆ కథలో ముందే కలదు. పింజారి కులమువాడని చిన్నచూపునకు గురియైన గాయకుడు ఆ ఘట్టమును పాడునప్పుడు దానికి వేరొక బరువు వచ్చుట వింత కాదు. తదుపరి కాలమున ఆయన ఆత్మకథకు పేరు ‘పింజారి’. తెలుగున తిట్టుగా వాడబడు ఆ మాటయే ఆ గ్రంథపు అట్టపైకెక్కినది.

బుర్రకథ బలమును మొదట గుర్తెరిగినది పాలకులే యనవచ్చును. మద్రాసు ప్రభుత్వమును, నైజాము ప్రభుత్వమును దానిని నిషేధించినవి. స్వాతంత్ర్యానంతరము అదే కళను సర్కారు శాఖలు కుటుంబ నియంత్రణ ప్రచారమునకు పిలిచినవి. మేలే, కాని సర్క్యులరును తాళమున కూర్చినంత మాత్రమున కథ కాజాలదు. కచేరీ ఉద్యోగులకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. నాజర్ కథలో మొదట మనిషి వచ్చును, వాని కష్టము వచ్చును. సందేశము వంత నోట తరువాత వచ్చును.

1954 నాటి ‘అగ్గిరాముడు’ చిత్రమున ఆయన చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ, పల్లెటూరి అరుగులెరుగని పట్టణవాసులకును ఆయన గొంతు వినిపించినది. 1986లో ప్రభుత్వము పద్మశ్రీనిచ్చినది. 1997 ఫిబ్రవరి 22న దివంగతులైరి.

బుర్రకథకు కావలసినది ముగ్గురు మనుష్యులు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు. తెరలు, రంగాలంకరణలు అక్కరలేదు. రాబోవు ఉగాదికి సంఘములోని యువకులు ముగ్గురు ముందునకు వచ్చి పల్నాటి కథలో చాపకూటి ఘట్టము నేర్చినయెడల, ఇచ్చటి పండ్వానీ గాయకునొకరిని అదే వేదికపైకి ఆహ్వానించుట కష్టము కాదు. రెండు తంబురాలను ఒక్క రాత్రి వినవచ్చును.